ఇంట్లో ఆక్సిజన్ యంత్రం, నెల తిరిగితే కరెంటు బిల్లు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

రోగి కోసం ఇంట్లో అమర్చుకున్న యంత్రాల కరెంటు ఖర్చు గురించి ఈ మధ్య హైదరాబాద్ పాఠకుల నుంచి వరసగా ఉత్తరాలు వస్తున్నందువల్ల ఈసారి శీర్షికను వాటికే కేటాయించాం. లెక్కలన్నీ తెలంగాణలో గృహ విభాగానికి 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన రేట్లతో వేసినవి. కస్టమర్ ఛార్జీ, కిలోవాట్ల మీద పడే స్థిర ఛార్జీ, యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం వీటికి అదనం.

ప్రశ్న: మా వారికి అరవై ఎనిమిదేళ్లు. సీఓపీడీతో (శ్వాసనాళాలు కుంచించుకుపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఆస్పత్రిలో ఉండి వచ్చాక, నిమిషానికి 2 లీటర్ల చొప్పున రోజుకు 16 గంటలు ఆక్సిజన్ పెట్టమని డాక్టరు గారు రాసిచ్చారు. కోవిడ్ రెండో విడతలో మా అబ్బాయి కొన్న 10 లీటర్ల యంత్రం ఇంట్లోనే ఉంది కనుక దాన్నే వాడుతున్నాం. ఇదివరకు నెలకు 160 యూనిట్లు కాలేవి, ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చేది. పోయిన నెల 448 యూనిట్లు కాలి బిల్లు మూడు వేలు దాటింది. అది చూసినప్పటి నుంచి మా వారు మధ్యాహ్నం పూట తనంతట తానే యంత్రం కట్టేసుకుంటున్నారు. మీటరు తప్పు తిరుగుతోందా? యంత్రాన్ని 1 లీటరు మీద పెడితే కరెంటు తగ్గుతుందా?
— ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

సమాధానం: అమ్మా, ముందుగా ఆ మధ్యాహ్నం కట్టేయడం ఆపించండి. డాక్టరు గారు 16 గంటలు అని రాసింది ఊరికే వేసిన అంకె కాదు. రక్తంలో ఆక్సిజన్ బాగా తక్కువగా ఉన్న సీఓపీడీ రోగుల మీద అమెరికాలో, బ్రిటన్‌లో జరిగిన రెండు పెద్ద పరిశీలనల ఫలితాలు 1980, 1981లలో వెలువడ్డాయి. రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ తీసుకున్నవారు, అసలు తీసుకోనివారి కన్నా ఎక్కువ కాలం బతికారని బ్రిటన్ పరిశీలనలో తేలింది. రాత్రిపూట మాత్రమే తీసుకున్నవారి కన్నా దాదాపు రోజంతా తీసుకున్నవారు మెరుగ్గా ఉన్నారని అమెరికా పరిశీలన చూపింది. ఇవాళ్టికీ డాక్టర్లు రాసే గంటలకు ఆధారం అదే. గంటలు తగ్గించవచ్చా అన్నది మీ డాక్టరు గారు పరీక్ష చేసి చెప్పవలసిన మాట; బిల్లు చూసి ఇంట్లో తీసుకునే నిర్ణయం కాదు.

మీటరు సంగతి మీరే తేల్చుకోవచ్చు. మీటరు ముఖం మీద ఎర్రగా మిణుకుమనే చిన్న దీపం ఉంటుంది. దాని పక్కన ఒక యూనిట్‌కు ఎన్ని మిణుకులో అచ్చువేసి ఉంటుంది. సింగిల్ ఫేజ్ మీటర్లలో చాలావాటిపై 3200 అని కనిపిస్తుంది. ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు అన్నీ కట్టేసి ఆక్సిజన్ యంత్రం ఒక్కటే నడుస్తుండగా, గడియారం చూసుకుంటూ 5 నిమిషాలు ఆ మిణుకులు లెక్కపెట్టండి. 10 లీటర్ల యంత్రాలు మామూలుగా 600 వాట్ల దగ్గర తీసుకుంటాయి కనుక మీకు 160 అటూఇటూగా రావాలి. అలా వస్తే మీటరు బాగానే ఉన్నట్టు. 600 వాట్లను 16 గంటలతో, 30 రోజులతో హెచ్చిస్తే 288 యూనిట్లు అవుతుంది. దానికి మీ పాత 160 కలిపితే సరిగ్గా 448 వస్తుంది. మీరు రాసిన అంకెలు ఇంత చక్కగా కుదిరాయి కాబట్టి మీటరు మీద మాకు అనుమానం లేదు. మీకు వచ్చిన మిణుకులకూ ఈ లెక్కకూ పొంతన లేకపోతే మాత్రం మీ విద్యుత్ సెక్షన్ ఆఫీసులో మీటరు పరీక్షకు దరఖాస్తు పెట్టండి.

ఇక లీటర్ల మాట. యంత్రం లోపల కంప్రెసర్ గాలిని పీల్చి, నత్రజనిని పట్టుకునే గుళికల గుండా నెట్టి, మిగిలిన ఆక్సిజన్‌ను గొట్టంలోకి పంపుతుంది. ముందు భాగంలో బంతి తేలే గాజు గొట్టం దగ్గరున్న మీట, బయటికి వచ్చే ఆక్సిజన్‌ను మాత్రమే అదుపు చేస్తుంది. చాలా యంత్రాల్లో కంప్రెసర్ ఎప్పటిలాగే తిరుగుతూ ఉంటుంది. మోటారు ఆపకుండా కుళాయి సన్నం చేసినట్టన్నమాట. అందువల్ల 2 లీటర్ల నుంచి 1 లీటరుకు తగ్గిస్తే బిల్లులో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాదు, మీ వారికి అందే ప్రాణవాయువు మాత్రం తగ్గిపోతుంది. అదే చేత్తో పెంచడం కూడా వద్దు. సీఓపీడీ ఉన్నవారికి అవసరానికి మించిన ఆక్సిజన్ హాని చేస్తుంది.

అసలు మార్పు చేయవలసింది యంత్రంలోనే. మీ వారికి కావలసింది 2 లీటర్లు. ఇంట్లో నడుస్తున్నది 10 లీటర్ల యంత్రం. 2021 మే నెలలో దొరికిందే మహాప్రసాదమని కొన్నవి ఈ నగరంలో ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నాయి. పడి ఉన్న యంత్రం ఉండగా మరొకటి ఎందుకని అనిపించడం సహజం. కానీ 5 లీటర్ల యంత్రం సుమారు 350 వాట్లతో నడుస్తుంది. అదే 16 గంటలకు నెలకు 168 యూనిట్లు. అంటే మీ మొత్తం వాడకం 448 నుంచి 328కి దిగుతుంది.

ఈ 120 యూనిట్ల విలువ ఎంతో తెలియాలంటే శ్లాబుల, అంటే వాడకం పెరిగేకొద్దీ రేటు పెరిగే అంచెల లెక్క చూడాలి. నెలకు 100 దాటి 200 యూనిట్లు మించని ఇంటికి మొదటి వంద యూనిట్లు 3 రూపాయల 40 పైసలు, రెండో వంద 4 రూపాయల 80 పైసలు. 200 దాటిందంటే ఆ చవక రేట్లు మొత్తం రద్దయి, మొదటి 200 యూనిట్లూ 5 రూపాయల 10 పైసల చొప్పున పడతాయి. 201 నుంచి 300 వరకు 7 రూపాయల 70 పైసలు, 301 నుంచి 400 వరకు 9 రూపాయలు, 401 నుంచి 800 వరకు 9 రూపాయల 50 పైసలు. 200 యూనిట్ల బిల్లు 820 రూపాయలైతే, 201 యూనిట్ల బిల్లు 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్‌కు 207 రూపాయలు! మీ 448 యూనిట్లకు 3,146 రూపాయలు. 328 యూనిట్లకైతే 2,042. నెలకు 1,104 రూపాయలు మిగులుతాయి కనుక 5 లీటర్ల యంత్రం అద్దెకు తీసుకుంటే లాభమా, కొంటే లాభమా, ఉన్నదాన్ని అమ్మేస్తే ఎంత వస్తుంది అన్న బేరం మీ అబ్బాయి కోఠి వైపు సర్జికల్ దుకాణాల్లో కనుక్కోవడం మంచిది. యంత్రం మార్చాక మొదటి రోజు పల్స్ ఆక్సిమీటర్‌తో చూసి, డాక్టరు గారు చెప్పిన శాతం నిలుస్తోందో లేదో నిర్ధారించుకోండి. వెనక ఉన్న స్పాంజి ఫిల్టరును వారానికోసారి కడిగి, బాగా ఆరబెట్టి పెట్టండి. అది మూసుకుపోతే యంత్రం వేడెక్కి, ఆక్సిజన్ పలచబడుతుంది.

మిగతా ఆదా రోగితో సంబంధం లేని చోట వెతకండి. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర ఆగుతుంది. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యానుకు నెలకు 20 యూనిట్లు తగ్గినట్టే. మూడు ఫ్యాన్లు మారిస్తే 60 యూనిట్లు, అంటే 328 కాస్తా 268. బిల్లు సుమారు 1,544 రూపాయలు. ఎక్కువ రేటు శ్లాబులో ఉన్న ఇంటికి ఈ ఫ్యాన్లు ఇతరుల కన్నా త్వరగా డబ్బు తిరిగి ఇస్తాయి.

జీరో బిల్లు మాత్రం తిరిగి వస్తుందని మీకు ఆశ పెట్టలేం. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి 200 యూనిట్ల లోపు వాడకానికే. అది దాటిన నెలలో పైన ఉన్న కొన్ని యూనిట్లకు కాక మొత్తానికీ డబ్బు కట్టాలి. యంత్రానికే 168 యూనిట్లు పోతున్నప్పుడు ఇల్లంతా 32 యూనిట్లతో గడపడం జరిగే పని కాదు. రోగి ఉన్న ఇంటికి ఆ పథకంలో వేరే మినహాయింపు లేదు. ఉచితంగా కరెంటు అందవలసిన అవసరం ఎక్కువైన నెలలోనే అది చేజారిపోవడం ఈ పథకంలోని పెద్ద లోపమని మా అభిప్రాయం.

ప్రశ్న: నిద్రలో శ్వాస ఆగిపోతోందని సీప్యాప్ (మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం) వాడమన్నారు. రాత్రంతా ఏసీతో పాటు ఇదీ నడిస్తే బిల్లు ఏమవుతుందోనని భయంగా ఉంది.
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మణికొండ

సమాధానం: సీప్యాప్ గురించి భయం అక్కర్లేదు. అది 30 నుంచి 60 వాట్ల యంత్రం. 60 వాట్లే అనుకున్నా రోజుకు 7 గంటల చొప్పున నెలకు 13 యూనిట్లు దాటదు. గాలిని తేమగా చేసే హ్యుమిడిఫయర్‌లో నీటిని వేడిచేసే పళ్లెం ఉంటుంది కనుక, అది నడిస్తే 90 వాట్ల వరకు పోయి 19 యూనిట్లు కావచ్చు. మీ గదిలోని ఏసీ రెండు మూడు రాత్రుల్లో ఖర్చు పెట్టే కరెంటు ఇది. నీటి వేడి ఎంత ఉండాలో మీ డాక్టరును అడిగి పెట్టుకోండి. ముక్కు, గొంతు ఎండిపోయి యంత్రాన్ని మూలన పడేసే పరిస్థితి రాకుండా ఉండటం ఆ ఆరు యూనిట్ల కన్నా ముఖ్యం.

ప్రశ్న: మా అమ్మ పక్షవాతంతో మంచాన ఉంది. గాలి పరుపు రోజంతా నడుస్తుంది, కఫం తీసే సక్షన్ మిషను రోజుకు పది పన్నెండుసార్లు వాడతాం. మేము కింది పోర్షన్‌లో అద్దెకుంటాం, ఓనరు గారు పైన ఉంటారు. మీటరు ఒకటే. సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు 10 రూపాయలు తీసుకుంటున్నారు. ‘మీ మిషన్ల వల్లే బిల్లు పేలిపోతోంది’ అంటున్నారు. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

సమాధానం: గాలి పరుపు పంపు 10 వాట్ల లోపు వస్తువు, నెలంతా ఆగకుండా నడిచినా 7 యూనిట్లు. సక్షన్ మిషను 150 వాట్లదే అయినా, అన్నిసార్లూ కలిపి రోజుకు గంట నడిచిందనుకున్నా 4, 5 యూనిట్లు. రెండూ కలిపి డజను యూనిట్లు దాటవు. బిల్లు పేలడానికి కారణం మీ అమ్మగారి మంచం దగ్గర లేదు, రెండు కాపురాల వాడకం ఒకే మీటరులో పడి పై శ్లాబులకు ఎక్కడంలో ఉంది.

ఈ లెక్కను ఓనరు గారితో కూర్చుని కాగితం మీద వేయండి. రెండు పోర్షన్లకు చెరి 175 యూనిట్లు అనుకుంటే మీటరులో 350 కనిపిస్తుంది. దాని బిల్లు 2,240 రూపాయలు, అంటే సగటున యూనిట్‌కు 6 రూపాయల 40 పైసలు. 10 రూపాయలన్నది నెలకు 800 దాటాక పైన కాలే యూనిట్ల రేటు. అదే రెండు మీటర్లుంటే ఒక్కొక్కరికి 700, మొత్తం 1,400 రూపాయలతో పోతుంది. మీకే కాదు, ఆయనకూ కలిసొచ్చే విషయమిది. మీ పోర్షన్‌కు విడిగా ద్వారం, వంటగది ఉండి, ఆయన అంగీకార పత్రం ఇస్తే కొత్త సర్వీసుకు దరఖాస్తు చేయవచ్చు. తగాదాగా మొదలుపెట్టకుండా, లాభంగా చూపించి అడగండి.

ఇదే అదునుగా ఇతర పాఠకులకు ఒక మాట. ఒకే ఇంట్లో ఒకే కుటుంబం ఉంటూ, శ్లాబు తప్పించుకోవడానికి మాత్రమే రెండో మీటరు పెట్టించుకుంటే, తనిఖీలో తేలినప్పుడు రెండింటినీ కలిపి బిల్లు వేసే అధికారం విద్యుత్ పంపిణీ సంస్థకు ఉంది.

ప్రశ్న: మా నాన్నగారికి 5 లీటర్ల ఆక్సిజన్ యంత్రం దాదాపు రోజంతా కావాలి. గాలివాన వస్తే మా వైపు కరెంటు పోతుంది. ఇప్పుడున్న 150 ఏహెచ్ ఇన్వర్టరు సరిపోతుందా? సోలార్ పెట్టిస్తే బిల్లు తగ్గి, కరెంటు పోయినప్పుడూ ఇబ్బంది ఉండదని ఒకరు చెప్పారు.
— ఒక పాఠకురాలు, నిజాంపేట

సమాధానం: ఆ చెప్పినవారి మాటలో సగమే నిజం. డాబా మీద పెట్టే మామూలు ఆన్‌గ్రిడ్ (వీధి లైనుకు కలిపే) సోలార్, వీధిలో కరెంటు పోయిన క్షణంలో తానూ ఆగిపోతుంది. లైన్ల మీద పనిచేసే సిబ్బందికి షాక్ కొట్టకుండా అలా ఆగేట్టే తయారుచేస్తారు. మండుటెండలో కూడా అంతే. కరెంటు లేనప్పుడు యంత్రం నడవాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరు పెట్టించాలి, దాని ఖర్చు వేరు. బిల్లు తగ్గే మాట మాత్రం వాస్తవం. హైదరాబాద్ ఎండకు ఒక కిలోవాట్ పలకలు రోజుకు సగటున 4 యూనిట్ల వరకు ఇస్తాయి. మీ యంత్రం రోజంతా నడిస్తే 8 యూనిట్లకు పైగా తీసుకుంటుంది కనుక 2 కిలోవాట్లు ఇంచుమించు దానికే సరిపోతాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్లకు 60,000 రూపాయలు, 3 కిలోవాట్లకు 78,000 రూపాయలు కేంద్ర రాయితీ ఉంది. మీది అపార్టుమెంటైతే డాబా మీద మీ హక్కు ఎంతవరకో ముందుగా సంఘంతో తేల్చుకోండి.

ఇన్వర్టరు విషయానికి వస్తే, 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు 350 వాట్ల యంత్రాన్ని రెండున్నర నుంచి మూడు గంటలు లాగుతుంది. అదే బ్యాటరీ మీద హాల్లో టీవీ, రెండు ఫ్యాన్లు కూడా ఉంటే రెండు గంటలకే చేతులెత్తేస్తుంది. మూడేళ్ల పాతదైతే ఆ మాత్రం కూడా నమ్మలేం. కాబట్టి నాన్నగారి గది తప్ప మిగతా లైన్లను ఇన్వర్టరు నుంచి తీసేయించండి. ఇన్వర్టరు ప్యూర్ సైన్‌వేవ్ రకమేనా అన్నది చూసుకోండి, లేకపోతే కంప్రెసర్ మోటారు వేడెక్కుతుంది. నెలకొకసారి పగటిపూట, మీరు దగ్గరుండగా, మెయిన్ కట్టేసి ఎంతసేపు నడుస్తుందో చూడండి.

ఇన్వర్టరు ఎంత మంచిదైనా, దాని వెనుక ఒక సిలిండరు ఉండి తీరాలి. 10 లీటర్ల బీ టైపు సిలిండరు నిండుగా ఉంటే అందులో ఒత్తిడితో కుదించి నింపిన దాదాపు 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 2 లీటర్ల చొప్పున 12 గంటలు వస్తుంది. రెగ్యులేటరు బిగించి ఉంచండి, సిలిండరు తెరిచే తాళంచెవి దానికే కట్టి ఉంచండి. చీకట్లో, కంగారులో వెతుక్కునే వస్తువు అదే. కరెంటు పోగానే విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి, ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్న రోగి ఉన్నారని సర్వీస్ నంబరుతో సహా చెప్పండి. ఆ మాటనే ముందుగా రాతపూర్వకంగా మీ విద్యుత్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

ప్రశ్న: రోగుల ఇళ్లకు కరెంటు రాయితీ ఎక్కడైనా ఉందా? ఇక్కడ ఎందుకు లేదు? బిల్లు కట్టలేకపోతే కనెక్షన్ తీసేస్తారా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రామంతాపూర్

సమాధానం: మాస్టారూ, చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాం. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం, బకాయి ఉన్నా 15 పూర్తి రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇవ్వకుండా సరఫరా నిలిపివేయకూడదు. బిల్లు మీద వివాదం ఉంటే, అభ్యంతరం తెలుపుతూ అడిగిన మొత్తాన్ని గానీ, గత ఆరు నెలల సగటు ప్రకారం లెక్కించిన మొత్తాన్ని గానీ, రెండింటిలో ఏది తక్కువైతే అది కట్టినవారికి వివాదం తేలేదాకా కనెక్షన్ తీయకూడదు. లైన్‌మన్ నిచ్చెనతో వచ్చినప్పుడు ఈ సెక్షన్ నంబరు గుర్తుంటే పనికొస్తుంది.

రాయితీ దూరదేశాల్లోనే కాదు, కేరళలోనూ ఉంది. అక్కడి విద్యుత్ బోర్డు, ప్రాణాధార యంత్రాల మీద ఇంట్లో ఉన్న రోగులకు ఆక్సిజన్ యంత్రం (కాన్సంట్రేటరు), సక్షన్ మిషను, గాలి పరుపు వంటివాటికి అయ్యే కరెంటును డాక్టరు ధ్రువపత్రం ఆధారంగా ఉచితంగా ఇస్తోంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో రోగి ఉన్న ఇంటికి అతి తక్కువ రేటు శ్లాబును పెద్దది చేస్తారు; అక్కడి పీజీ అండ్ ఈ సంస్థ నెలకు దాదాపు 500 యూనిట్లు అదనంగా ఆ రేటుకే ఇస్తుంది. ఇంగ్లండ్‌లో ఆక్సిజన్ యంత్రం సరఫరా చేసే సంస్థే దాని కరెంటు ఖర్చు రోగికి తిరిగి చెల్లిస్తుంది. ఆస్ట్రేలియాలో అర్హత ఉన్న ఒక్కో యంత్రానికి ఏడాదికోసారి ప్రభుత్వం డబ్బు ఇస్తుంది.

ఇక్కడ లేకపోవడానికి చట్టం అడ్డు కాదు. 2003 విద్యుత్ చట్టంలోనే 62వ సెక్షన్, కరెంటు ఏ అవసరానికి వాడుతున్నారన్న దాన్నిబట్టి వేర్వేరు రేట్లు నిర్ణయించే వీలు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలికి ఇచ్చింది. 65వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం ఏ వర్గానికైనా రాయితీ ప్రకటించి, ఆ సొమ్మును సంస్థకు ముందుగా చెల్లించవచ్చు. సెలూన్లకు, లాండ్రీలకు 2021 నుంచి నెలకు 250 యూనిట్లు ఉచితంగా ఇచ్చింది ఈ రాష్ట్రంలోనే. అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టి అది వచ్చింది. ఆక్సిజన్ గొట్టంతో ఉన్న మనిషి సచివాలయం మెట్లెక్కలేడు, అతన్ని చూసుకునేవారికి ఇల్లు కదలడానికి తీరిక ఉండదు. అందుకే ఈ వర్గం తరఫున అర్జీ పెట్టేవారు కనబడరు.

మీబోటివారు చేయగల పని ఒకటుంది. పంపిణీ సంస్థలు తమ రేట్ల ప్రతిపాదనలను విద్యుత్ నియంత్రణ మండలికి సమర్పించినప్పుడు, వాటిపై అభ్యంతరాలు, సూచనలు పంపమని పత్రికల్లో ప్రకటన వస్తుంది. ఆ గడువులోగా మండలి కార్యదర్శికి ఒక ప్రతి, పంపిణీ సంస్థకు ఒక ప్రతి పంపాలి. బహిరంగ విచారణలో స్వయంగా మాట్లాడదలిస్తే ఆ సంగతి అందులోనే రాయాలి. డాక్టరు చీటీ నకలు, యంత్రం వెనక వాట్లు రాసి ఉన్న రేకు ఫొటో, యంత్రం రాకముందు ఒక బిల్లు, వచ్చాక ఒక బిల్లు జతచేయండి. అర్జీ తెలుగులో రాస్తే సరిపోతుంది, వకీలు అక్కర్లేదు.